గాజుపలక మీది అక్క

శాలిబండ రోడ్డులో అత్తరు దుకాణానికీ కళ్లద్దాల దుకాణానికీ నడుమ ఒక ఇరుకు మెట్ల దారి ఉంది. ఆ మెట్లెక్కితే డాక్టర్ రమాబాయి గారి ల్యాబు. అందులో అంజన్న అటెండరు. కొలువు పేరు అటెండరే గానీ, ఆయన్ని అడిగితే ఆ ల్యాబు మొత్తం తన భుజాల మీదే నడుస్తోందని చెబుతాడు. పొద్దున తాళం తీసేది ఆయనే, సాయంత్రం వేసేది ఆయనే. చిన్నా పెద్దా ఆసుపత్రుల నుంచి డబ్బాల్లో వచ్చే కండ ముక్కలను అందుకొని లోపలికి చేర్చేదీ ఆయనే. మధ్యాహ్నం చాయ్ ఆలస్యమైతే డాక్టరమ్మ చూపు మసకబారుతుందని, అప్పుడు రిపోర్టులన్నీ తప్పుతాయని ఆయన గట్టి నమ్మకం. ఇంత బాధ్యత మోసే మనిషి కదా, నడకలో కొంచెం దర్జా కూడా ఉండేది.

అన్ని పనులూ చేసేవాడు గానీ, మైక్రోస్కోపులోకి మాత్రం ఒక్కసారీ తొంగి చూడలేదు. "ఒక్కసారి చూడరాదన్నా" అని టెక్నీషియన్ స్వరూప ఎన్నిసార్లు పిలిచినా, "మనుషుల లోపటి ముచ్చట్లు మనకెందుకు చెల్లె" అని తప్పించుకునేవాడు. మర్యాద అనుకునేరు, అది భయం. ఆ చిన్న కంతలోంచి చూస్తే అవతలి మనిషి చావో బతుకో కనబడిపోతుందని ఆయన భయం.

ఈసారి దసరాకు ముందు ఆ భయం నేరుగా ఆయన ఇంటికే వచ్చింది.

అంజన్న భార్య ఆగమ్మ. లాల్‌దర్వాజాలో వాళ్లుండే కిరాయి ఇంటి గడపలో కూర్చొని లక్క గాజులకు రాళ్లు అతుకుతుంది. లాడ్ బజార్ దుకాణం వాళ్లు సంచుల్లో వట్టి గాజులు పంపితే, వాటిని తళతళలాడించి తిప్పి పంపడం ఆమె పని. రొమ్ములో గడ్డ ఉందన్న సంగతి ఆమెకు ముందే తెలుసు. పండుగ పోయాక చెబుదాంలే అని కొంగు చాటున దాచుకుంది. బతుకమ్మను ఎత్తుకునేటప్పుడు చెయ్యి తగిలి అబ్బా అన్నందుకు పట్టుబడింది. ఆసుపత్రిలో సూదితో తీసిన ముక్క, రోజూ వచ్చే ముక్కలతో పాటే, రమాబాయి గారి ల్యాబుకు వచ్చింది. డబ్బా మీద భార్య పేరు చదువుకొని, అంజన్న దాన్ని రెండు చేతులా పట్టుకొని లోపలికి తీసుకెళ్లాడు. ఇన్నేళ్ల కొలువులో ఎన్ని డబ్బాలు మోశాడో లెక్కలేదు, ఇంత బరువు డబ్బా మాత్రం ఎన్నడూ మోయలేదు.

డాక్టరమ్మ అబద్ధాలు చెప్పే మనిషి కాదు. మెత్తగా చెప్పే మనిషి కూడా కాదు.

"కేన్సరే అంజన్నా. కానీ చిన్నగనే ఉంది, జల్ది దొరికింది. ఇంకొక్క పరీక్ష చెయ్యాలె. దాన్ని బట్టే మందు."

"హెర్-టూ అంటరు గద మేడమ్, అదేనా?"

"అదే. దసరా సెలవులైనంక స్వరూప చేస్తది."

ఆ పేరు ల్యాబులో రోజూ వినబడేదే. చాయ్ గ్లాసుల చప్పుడుతో పాటు చెవిన పడి పోయేది. ఆ రోజు మాత్రం అంజన్న స్వరూప వెంటే తిరిగి, దాని కథంతా చెప్తే గానీ కదలనని పట్టుబట్టాడు. స్వరూపకు చెప్పడమంటే ఇష్టం. వినేవాళ్లే ఇన్నాళ్లూ దొరకలేదు.

"ఒంట్ల ఉన్న ప్రతి కణానికి పైన తోలసుంటి పొర ఉంటదన్నా. గా పొర మీద చెవులసుంటివి ఉంటయి. పెద్దగ కావాలె, ఒకటి రెండు కావాలె అని ఒంట్లకెళ్లి కబురొస్తే, అది గా చెవులకే ఇనబడ్తది. మంచి కణానికి ఏవో కొన్ని చెవులుంటయి. కొందరి కేన్సర్ కణానికి ఒళ్లంత చెవులే. ఇగ దానికి వేరే మాట ఇనబడది. పెరగాలె, పెరగాలె, గదొక్కటే."

"మరి గా చెవులు మైక్రోస్కోపుల కనబడ్తయా?"

"కనబడవు. గందుకే ఇది."

ఆమె ఫ్రిజ్ తెరిచి చిటికెన వేలంత బుడ్డి ఒకటి చూపించింది. అడుగున కొద్దిగా నీళ్లలాంటిది ఉంది. ఇంతోటి దానికి ఇంత కథా అన్నట్టు చూశాడు అంజన్న.

"ఇది యాంటీబాడీ. కణం మీద ఎన్ని వేల రకాల సామాన్లుంటయో. ఒక్క చుక్క ఏస్తే, ఇది వేరే దేన్నీ ముట్టది. గా చెవినే దేవులాడి పట్టుకుంటది. పట్టుకుంటే ఇడువది. దాని మీద రంగు పోస్తే, చెవులున్నకాడ గోధుమరంగు తేల్తది. చెవులు లేకుంటే గా రంగు రాదు, ఉత్త నీలమే మిగుల్తది."

"దానికెట్ల ఎరుకైతది చెల్లె? కండ్లా, తెలివా?"

స్వరూప నవ్వింది. అది ఎగతాళి నవ్వు కాదు. "చదివింది చెప్పగలుగుత గని, నిజం చెప్పాల్నంటే నాక్కూడ ఇంకా విచిత్రమే అన్నా. దీని పుట్టుక ఒక కుందేలు ఒంట్లనంట. గా చెవి ముక్కను కుందేలుకు సూదితోని ఎక్కిచ్చిర్రు. ఇది నాది కాదు అని కుందేలు ఒళ్లు గుర్తుపట్టి, దాన్ని పట్టుకునేదానికి దీన్ని తయారు చేసుకున్నది."

ఏ దేశపు కుందేలో. లాల్‌దర్వాజా ఎటుందో, ఆగమ్మ ఎవరో దానికేం తెలుసు? దాని నెత్తుట్లో పుట్టిన పనితనం ఇంత దూరం వచ్చి, ఆగమ్మ ఒంటి లోపల ఎవరికీ కనబడని దాన్ని గుర్తుపడుతుందట. అంజన్నకు ఒళ్లు జలదరించింది. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. ఫ్రిజ్‌కు దండం పెడుతున్న అటెండర్ని చూసి, నవ్వాలో ఊరుకోవాలో తెలియక స్వరూప తలుపు మూసేసింది.

"రంగొస్తే మంచిదా, రాకుంటే మంచిదా?"

"ఎట్ల చెప్పాలె అన్నా. రంగొస్తే జబ్బు జోరుగున్నట్టు. కానీ గా చెవులనే మూసే మందున్నది. గది గూడ ఇసుంటి యాంటీబాడీనే. మస్తు పనిజేస్తది. రంగు రాకుంటే గా మందుతోని లాభం లేదు, వేరే తొవ్వ చూడాలె. చెవులుండంగ లేవని తప్పు చెప్పినమనుకో, దొరికే మందు దొరకకుండ పోతది."

ఆ చివరి మాట అంజన్నకు ములుకులా దిగింది. రంగు రావాలని మొక్కాలా, రావద్దని మొక్కాలా? అమ్మవారిని ఏమని అడగాలో కూడా తెలియని ఇరకాటంలో పడ్డాడు. ఆలోచించి ఆలోచించి ఒకటే కోరుకున్నాడు. ఏదైనా కానీ, ఆ బుడ్డి నిజం చెప్పాలి.

ఇక్కడే ఆయన బుర్ర చురుగ్గా పనిచేసింది. చేయకపోయినా బాగుండేది.

దసరా అంటే ఆయుధపూజ. మెకానిక్కు పానాలకు, దర్జీ మిషనుకు, ఆటోవాలా ఆటోకు కుంకుమ పెట్టి పూజిస్తారు. సెలవులకు ముందు ల్యాబులోనూ మైక్రోస్కోపుకు బంతిపూల దండ వేశారు, ముక్కలు కోసే మిషనుకు బొట్టు పెట్టారు, డాక్టరమ్మ కొబ్బరికాయ కొట్టింది. అందరూ ప్రసాదం తిని ఇళ్లకు పోయారు. తాళం తిప్పుతుంటే అంజన్నకు తట్టింది. అసలు ఆయుధానికి పూజే జరగలేదు! ఆగమ్మ సంగతి తేల్చేది ఆ బుడ్డి కదా? దానికి ఒక్క పువ్వు లేదు, బొట్టు లేదు, చీకట్లో చలికి వణుకుతూ కూర్చుంది. ఆయన వెనక్కి వెళ్లి, బుడ్డిని రుమాల్లో చుట్టి, చొక్కా జేబులో వేసుకొని ఇంటికి తెచ్చాడు.

వాళ్లది ఒకే గది ఇల్లు. పొయ్యికి సరిగ్గా పైన గోడలో గూడు, ఆ గూట్లో దేవుళ్లు. అంజన్న బుడ్డికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మహంకాళి పటం ముందు ఇత్తడి పళ్లెంలో దీపానికి ఆనించి నిలబెట్టాడు.

"ఏందయ్యా గది?" అంది ఆగమ్మ.

"నీ ముచ్చట చెప్పేది ఇదేనే. దండం పెట్టు."

ఆగమ్మ మారుమాట లేకుండా కొంగు సవరించుకొని దండం పెట్టింది. పండుగ పోయేదాకా దీపం కొండెక్కకుండా నూనె పోస్తూనే ఉంది. కింద పొయ్యి మీద గారెలు వేగాయి, బగారన్నం ఉడికింది, మటన్ కూర కుతకుతలాడింది. పైన పళ్లెం ముట్టుకుంటే చురుక్కుమనేటంత కాగింది. సెలవులు కాగానే అంజన్న అందరికంటే ముందు ల్యాబుకు వచ్చి, పసుపూ కుంకుమా తుడిచి, బుడ్డిని దాని జాగాలో పెట్టేశాడు. అమ్మవారి బలం ఎక్కింది, ఇక ఫికర్ లేదనుకొని చాయ్ తేవడానికి పోయాడు.

ఆ రోజే స్వరూప ఆగమ్మ ముక్కను పరీక్షకు తీసింది. మైనంలో కూర్చిన ముక్కను ఉల్లిపొర కంటే పలచగా కోసి, గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, గాజుపలకతో మెల్లగా ఎత్తుకుంటుంది. ఒక్కో పలక మీద రెండు పొరలు. కిందిది పరీక్ష చేయాల్సిన మనిషిది. పైది అక్కది.

అక్క ఎవరో ల్యాబులో ఎవరికీ తెలియదు. చాలా ఏళ్ల కింద ఆపరేషనైన ఒక ఆడమనిషి. ఆమె గడ్డలోని కణాలకు ఒళ్లంతా చెవులేనని అప్పట్లోనే అనుమానం లేకుండా తేలింది. అప్పటి నుంచి ప్రతి పలక మీదా పైన ఆమె ముక్క ఉండాల్సిందే. దానికి రంగు వస్తేనే ఆ రోజు పరీక్ష సరిగ్గా జరిగినట్టు. దానికే రాకపోతే కింది మనిషి గురించి ఒక్క మాట చెప్పరాదు. చదువుకున్నవాళ్లు దాన్ని కంట్రోల్ అంటారు. పేరు తెలియని మనిషిని అలా పిలవడానికి నోరు రాక స్వరూప అక్క అనడం మొదలుపెట్టింది, అదే అందరికీ అలవాటైంది. మైక్రోస్కోపు దగ్గర నుంచి డాక్టరమ్మ "అక్క వచ్చింది" అంటే చాలు, ల్యాబంతా ఊపిరి పీల్చుకునేది.

రంగుకు ముందు పలకలను ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించాలి. ఏదో పరికరం కాదు, పప్పు ఉడికించుకునే కుక్కరే. ముడుచుకున్న చెవులు విచ్చుకోవాలంటే ఆ వేడి తగలాలట. అంజన్న విజిళ్లు చూసుకొని దించాడు. స్వరూప బుడ్డిలోంచి ఒక్కో చుక్క వేసింది. మధ్యాహ్నానికి పలక డాక్టరమ్మ చేతికి వెళ్లింది.

"అక్క రాలేదు," అంది డాక్టరమ్మ.

ఆ మాట ఆ ల్యాబులో ఎవరూ విని ఎరుగరు. పైనా లేదు, కిందా లేదు, పలకంతా వట్టి నీలం. స్వరూప కుక్కర్ వాషర్ మార్చి, రంగు కొత్తగా కలిపి మరునాడు మళ్లీ చేసింది. అక్క మళ్లీ రాలేదు.

"సెలవుల్ల చెయ్యి మర్చిపోయినవా స్వరూపా?" డాక్టరమ్మ అరిచింది. "ఎన్నేండ్ల నుంచి చేస్తున్నవ్? ఏడ తప్పుతున్నవో నీకే తెల్వకపోతే ఎట్ల?"

స్వరూప కళ్లు తుడుచుకుంటూ మిషను ముందు కూర్చుంది. అంజన్న నేల తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. అమ్మవారి బలం ఎక్కిన బుడ్డి ఇలా ఎందుకు చేస్తోందో ఆయనకు అంతుబట్టలేదు.

"మేడమ్," అంది స్వరూప వెనక్కి తిరగకుండానే. "సూదితోని తీసిన ముక్క గద, దారమంతనే ఉండె. పోయిన రెండుసార్లకే అరిగింది. ఇంకొక్క పొర ఒస్తది, అంతే. అక్క మైనం గూడ ఆఖరికొచ్చింది. కొయ్యమంటారా?"

"కొయ్యి. వేరే తొవ్వ ఏముంది?"

స్వరూప చెయ్యి మిషను పిడి మీదికి పోయింది. ఆ పిడి తిరిగితే ఆగమ్మ గురించి చెప్పగల ఆఖరి పొర రాలుతుంది. అదీ నీలంగానే మిగిలితే మళ్లీ సూదులు, మళ్లీ ఆసుపత్రి, అంతవరకు లోపల పెరుగుతూ ఉండే గడ్డ. నోరు విప్పితే కొలువు పోతుంది. అంజన్న చేతిలోని గుడ్డ కింద పడింది.

"ఆగు చెల్లె! గా బుడ్డి… ఫ్రిజ్‌ల కాకుంట, జర వెచ్చని జాగల పెడితె ఏమన్నయితదా?"

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. ఇక దాచడానికేమీ లేదు. గూడు, దీపం, పొయ్యి, పసుపు, కుంకుమ, ఆగమ్మ పెట్టిన దండం, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. చెప్పి, తలకాయ దించుకొని నిలబడ్డాడు.

డాక్టరమ్మ ముఖం కందగడ్డ అయింది. గొంతు మాత్రం పెరగలేదు, అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. "గుడ్డును ఉడకబెట్టినంక మల్ల పచ్చిగైతదా అంజన్నా? ఇది గూడ గంతే. ముక్కకు వేడి కావాలె, బుడ్డికి సల్ల కావాలె. ఉడికిన యాంటీబాడీ దేన్నీ పట్టుకోదు. నీ భార్య కోసమని నీ భార్యకే ఎసరు పెట్టినవ్. నా స్వరూపను అనరాని మాటలు అనిపిచ్చినవ్."

"తప్పయింది మేడమ్. నన్ను తీసేయిండ్రి. ఆగమ్మను మాత్రం…"

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, ఆ నీలం పలకను వెలుతురుకు ఎత్తి చూసింది.

"అక్క లేకపోతే ఏమయ్యేదో ఎరుకనా?" అంది చివరికి. "ఆగమ్మది ఒక్కటే ముక్క ఉండేది. రంగు రాలేదు, చెవులు లేవు అని రాసి పంపేదాన్ని. నా చేతితోని నేనే రాసేదాన్ని. బుడ్డి పాడైందన్న సంగతి మన ముగ్గుర్ల ఎవ్వరికీ తెల్వకుండె. గా మనిషి ఒక్కతే చెప్పింది."

అంజన్న తలెత్తాడు. ఎవరో పేరు తెలియని ఆడమనిషి, ఆగమ్మ గురించి తప్పు మాట బయటికి పోకుండా అడ్డం నిలబడింది. అదీ, మైనంలో మిగిలిన గోరంత ముక్కతో. ఇన్నేళ్లుగా తాను కడిగిన, ఆరబెట్టిన పలకల మీద ఆమె ఉందన్న సంగతి ఆయన ఏనాడూ పట్టించుకోలేదు.

డాక్టరమ్మ బర్కత్‌పురాలో ల్యాబు నడిపే స్నేహితురాలికి ఫోన్ చేసి, ఒక బుడ్డి అప్పడిగింది. "పో. ఐసుపెట్టె తీస్కపో. తొవ్వల ఏ గుడి ముంగట ఆగినా నేనూరుకోను" అని అంజన్నను తరిమింది. తీసేయకుండా పని చెప్పిందంటే కొలువు ఉన్నట్టేనని మెట్లు దిగాక గానీ ఆయనకు వెలగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఐసుపెట్టెను ఒళ్లో పెట్టుకొని, రెండు చేతులా చుట్టేసి కూర్చున్నాడు. చార్మినార్ దగ్గర జనంలో ఆటో నత్తనడక నడిచింది. పక్కనున్నాయన మూత మీద తట్టి, "క్యా హై భాయ్, ఐస్‌క్రీమా?" అన్నాడు. "కుందేలు" అన్నాడు అంజన్న. పక్కనాయన కాస్త దూరం జరిగి కూర్చున్నాడు.

స్వరూప ఫ్యాను ఆపించింది. కిటికీ మూయించింది. అక్క ఆఖరి పొరను కోసి నీళ్ల మీద తేల్చింది, ఆగమ్మ ఆఖరి పొరను కోసి పక్కన తేల్చింది. ఊపిరి గట్టిగా వదిలినా ముడతపడే పొరలవి. ఒకటి పైన, ఒకటి కింద, ఒకే పలక మీదికి రెండింటినీ ఎత్తుకుంది. కుక్కర్ విజిలేసింది. కొత్త బుడ్డిలోంచి చుక్కలు పడ్డాయి. అంజన్న గోడకు ఆనుకొని నిలబడ్డాడు. రమ్మనీ మొక్కలేదు, వద్దనీ మొక్కలేదు. నిజం చెప్పు తల్లీ అని మాత్రం అనుకున్నాడు. అమ్మవారిని అంటున్నాడో, అక్కను అంటున్నాడో ఆయనకే తెలియదు.

డాక్టరమ్మ పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను ఆనించింది.

"అక్క వచ్చింది."

స్వరూప కుర్చీలో కూలబడింది. డాక్టరమ్మ పలకను మెల్లగా పైకి జరిపి, కిందున్న ఆగమ్మ దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. కింద రోడ్డు మీద ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు.

"అంజన్నా, ఇట్ల రా. నువ్వే చూడు."

ఈసారి ఆయన తప్పించుకోలేదు. వెళ్లి, కన్ను ఆ కంతకు ఆనించాడు.

మొదట ఏమీ తెలియలేదు, వట్టి వెలుగు. తర్వాత ఆ వెలుగులో ఒక లోకం తేలింది. లెక్కలేనన్ని నీలి గింజలు, ఒక్కో గింజ చుట్టూ చక్కగా గీసినట్టు గోధుమరంగు చుట్టు. ఒకదాన్నొకటి ఆనుకొని, కంటికి ఆనినంత మేరా చుట్లే చుట్లు. ఆగమ్మ గడపలో ఆరబోసిన లక్క గాజులన్నీ ఎవరో తెచ్చి ఇక్కడ పరిచినట్టున్నాయి. ఇంత అందంగా ఉన్నది ఆమె ప్రాణం తీయడానికి వచ్చిందా? కంటికి కనబడనిదాన్ని కుందేలు నెత్తుట్లోని పనితనం ఒక్కటొక్కటిగా వెతికి, ఒక్కదాన్నీ విడవకుండా చుట్టు గీసి చూపించిందా? అంజన్నకు దుఃఖం, ఆశ్చర్యం కలగలిసి వచ్చాయి. ఏది ఎక్కువో చెప్పలేడు. కన్ను తీయకుండానే అడిగాడు.

"ఒళ్లంత చెవులే గద మేడమ్?"

"ఒళ్లంత చెవులే. గందుకే మందున్నది. ఆపరేషన్ చేపిచ్చి మందు మొదలువెడ్తరు. ఆగమ్మకు చెప్పు, దారి దొరికిందని."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకొని, "ఒక్కసారి అక్కను గూడ చూస్త మేడమ్" అన్నాడు. డాక్టరమ్మ పలక జరిపింది. అవే చుట్లు, అదే రంగు. ఎన్నడూ ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు ఆడవాళ్లు, ఒకే గాజుపలక మీద, ఒకే బుడ్డి నీళ్లతో, ఒకే నిజం చెప్పారు.

"గామె ఉన్నదా మేడమ్? బతికున్నదా?"

"తెల్వదు అంజన్నా. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి కొన్నేండ్లు వచ్చిందంట, తర్వాత రాలేదంట. బాగై ఊరు మారిందేమో. అట్లనే అనుకుంట నేను."

ఆగమ్మ ఆపరేషన్ బాగా జరిగింది. తీసిన గడ్డ ల్యాబుకు వచ్చింది. ఈసారి ముక్క దారమంత కాదు, ఎన్నో ఏళ్లు సరిపోయేంత ఉంది. కుట్లు మానాక ఆగమ్మను డాక్టరమ్మ పిలిపించింది. కుర్చీ వేయించి, అక్క కథ చెప్పి, ఆమె మైనం అయిపోయిందని చెప్పి, అడగాల్సింది అడిగింది.

"నీ ముక్కను మేం ఉంచుకోవచ్చునా ఆగమ్మా? అక్క జాగల?"

ఆగమ్మ ముఖం చిన్నబోయింది. "ఒంట్లకెళ్లి తెగినది మట్ల కలపాలె గద మేడమ్. పన్ను ఊడినా మట్లనే పెడ్తం. నేనింట్ల, నా కండ ఇక్కడ పరాయి జాగల… ఎట్లనో ఉంటది."

"వద్దంటే ఇచ్చేస్తం. అది నీ ఇష్టమే."

"గా అక్కను అడిగిండ్రా?"

డాక్టరమ్మ తడబడింది. ఆమె తడబడటం అంజన్న అంతకుముందు చూడలేదు. "లేదు. అప్పట్ల అడిగే రివాజు లేకుండె. ఇప్పుడడుగుతున్నం."

ఆగమ్మ లేచి, తనను కూడా చూడనివ్వమంది. డాక్టరమ్మ ఆ పలకనే పెట్టింది. ఆగమ్మ కన్ను ఆనించి చాలాసేపు చూసింది. రాళ్లు అతికే మనిషి, చిన్నవాటిని చూడటం ఆమెకు కొత్త కాదు.

"గాజులే గదయ్యా," అంది మొగుడితో. ఆ తర్వాత పైపొర చూపించమంది. "గీమెవి గూడ గాజులే." ఆ పొరను చూస్తూనే అంది. "నన్నెరుగది, నా పేరెరుగది. నాకోసం ఉన్నదంత అరగదీసుకున్నది గీమె."

ఆగమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని, డాక్టరమ్మ వైపు తిరిగింది.

"ఉంచుకోండ్రి మేడమ్. అంత అయిపోయినంక మిగిలిన పిసరు మాత్రం మట్ల పెట్టుండ్రి." ఆపైన అంజన్నకు వేలు చూపించింది. "నువ్వు మాత్రం పండుగకని ఇంటికి తేకు. గూట్ల పెట్టినవనుకో, నేనూరుకోను."

చలికాలం మొదలైంది. ఆగమ్మ మందు ఎక్కించుకొని వచ్చిన రోజు పడుకుంటుంది, తేరుకున్న రోజు గడపలో కూర్చొని రాళ్లు అతుకుతుంది. అలాంటి ఒక రోజున ల్యాబు బెంచీ మీద బార్కస్ నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. బురఖా మేలిముసుగు ఎత్తి, అరచేతులు ఒత్తుకుంటోంది. లోపల ఆమె ముక్కకు పరీక్ష జరుగుతోంది. అదే పరీక్ష.

"రిపోర్ట్ కబ్ ఆతీ భాయ్?" అని అడిగింది. రిపోర్టు ఎప్పుడొస్తుందని అడగడం అది మొదటిసారి కాదు.

అంజన్న చాయ్ గ్లాసు ఆమె ముందు పెట్టాడు. చాయ్ ఇచ్చేది డాక్టరమ్మకు ఒక్కదానికే అనే ఆయన రూలు, ఆ బెంచీ మీద కూర్చునేవాళ్ల విషయంలో ఈ మధ్యే మారింది.

"ఆజ్‌హీ ఆతీ అమ్మా. ఫికర్ నక్కో. మేరీ ఘర్‌వాలీ ఆప్‌కే సాత్ హై."

ఆమెకు అర్థం కాలేదు. మీ ఇల్లాలు నాతో ఉండటమేమిటన్నట్టు చుట్టూ చూసింది. గదిలో ఆ బెంచీ, గోడ మీద అమ్మవారి పటం, అంజన్న తప్ప ఇంకెవరూ లేరు.

అంతలో లోపలి గదిలోంచి స్వరూప కేక వినబడింది.

"వదిన వచ్చింది!"

బార్కస్ ఆమె మెట్ల వైపు చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు. అంజన్న మాత్రం భుజం మీది తుండు తీసి కళ్లద్దుకొని, ఆమె పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు.